బోర్డు పెట్టని ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు గానీ, ఫిలింనగర్‌లో అద్దెకు ఇల్లు వెతికి చూడు అని ఒక్క పెద్దమనిషీ అనలేదు. అని ఉంటే ఆ మొదటి రెండూ ఎంత తేలికో లోకానికి తెలిసొచ్చేది.

మొన్న ఎండాకాలం మాట. మేముండే పాత ఇంటిని కూలగొట్టి అపార్ట్‌మెంట్ కడుతున్నామని, బడులు తెరిచేలోగా ఖాళీ చెయ్యమని మా ఓనరు చెప్పాడు. చేతిలో స్వీట్ బాక్సు పెట్టి మరీ చెప్పాడు. మైసూర్‌పాక్ గొంతు దిగాక గానీ ఆయనేమన్నాడో మాకు అర్థం కాలేదు.

నాకూ మా ఆయన తిరుమలేశ్‌కూ ఎక్కడున్నా ఒకటే. నేను సీరియళ్ళకు డబ్బింగ్ చెబుతాను, ఆయన సౌండ్ ఇంజనీరు. మా పగలంతా కిటికీల్లేని గదుల్లోనే గడుస్తుంది, ఇల్లు ఏ దిక్కున ఉంటే మాకేం? బెంగంతా మా అత్తమ్మ అనసూయమ్మ గురించే. షుగరు ముదిరి ఆమెకు చూపు పోయింది. చూపు పోయిందే గానీ మనిషి ఆగలేదు. తెల్లారగానే కర్ర పట్టుకుని బయల్దేరుతుంది. పాల బూత్, గుడి, ఇస్త్రీ బండి దగ్గర కబుర్లు, కిరాణా కొట్టువాడితో తగువు, అన్నీ ముగించుకుని ఎండెక్కేలోగా ఇల్లు చేరుతుంది. ఆ సందులో ఆమెకు ఎవరూ దారి చూపక్కర్లేదు. పైగా అడ్రసు కోసం తిరిగే డెలివరీ కుర్రాళ్ళకు ఆమే దారి చెబుతుంది. అలాంటి మనిషిని తీసుకెళ్ళి ఏ ఆరో అంతస్తులోనో పెడితే అప్పుడు నిజంగా గుడ్డిదవుతుంది. ఈ మాట డాక్టరు చెప్పలేదు. నేనే చెబుతున్నాను.

"నాకు నేల మీది ఇల్లు గావాలె బిడ్డా" అంది అత్తమ్మ. "గీ గల్లీలనే. పెద్దగేం వద్దు, ఒక్క అర్ర ఉన్నా సాలు."

బ్రోకర్ నర్సింహ చూపించినవన్నీ పైవే. ఎక్కి దిగి, ఎక్కి దిగి మా కాళ్ళు అరిగాయి. చివరికి అతనే విసుగెత్తి నిజం చెప్పాడు.

"అక్కా, బోర్డు పెట్టినయన్నీ ఫ్లాట్లే. నేల మీది ఇండ్లకు ఎవ్వరు బోర్డు పెట్టరు. తాళమేసిన ఇల్లు చూసుకొని, దాని ఓనర్ను పట్టుకోవాలె."

"ఎట్ల పట్టుకోవాలె?"

"గదే నాకు తెలిస్తే నేను బ్రోకర్నెందుకైత? నేనే ఓనర్ను అయితుంటి."

అలా మొదలైంది మా తాళాల వేట. ఆదివారం వస్తే చాలు, నేనూ తిరుమలేశ్ బండి మీద సందు సందూ తిరిగేవాళ్ళం. గేటుకు తుప్పు పట్టిన తాళం కనబడితే నాకు గుండె ఝల్లుమనేది. పెళ్ళిచూపుల్లో కూడా అంత ఆశగా చూడలేదు మా ఆయన వంక. "మీ ఇల్లు కిరాయికి ఇచ్చే ఆలోచన ఉంటే ఫోన్ చెయ్యగలరు, చిన్న కుటుంబం" అని చీటీలు రాసి గేట్లలో దూర్చాం. వాటికి వచ్చిన ఫోన్లలో సగం లోన్లు ఇస్తామనేవాళ్ళవే.

జూబ్లీహిల్స్ వైపు ఎక్కే మలుపులో ఒక పెంకుటిల్లు మాకు తెగ నచ్చింది. ఎప్పుడు చూసినా తాళమే. ఒక రోజు గేటు తీసి ఉంది! బండి స్టాండు కూడా వెయ్యకుండా లోపలికి పరిగెత్తాను. అరుగు, తులసికోట, ఇత్తడి బిందెలు. ఆహా అనుకుని తులసికోట మీద చెయ్యి వేశాను కదా, అది కాస్తా కదిలింది. థర్మోకోల్!

"ఏ ప్రొడక్షన్ మేడమ్?" అని అడిగాడు లోపల్నుంచి వచ్చిన మేనేజరు.

"ప్రొడక్షన్ కాదండీ. ఇల్లు అద్దెకిస్తారేమోనని."

"ఇస్తాం కదా. రోజుకా, కాల్‌షీటుకా?"

"నెలకండీ. ఉండటానికి."

అతను నన్ను ఎగాదిగా చూసి, "ఉండటానికి ఎవరిస్తారు మేడమ్, షూటింగులకిస్తే నెల అద్దె నాలుగు రోజుల్లో వచ్చేస్తుంటే" అన్నాడు. పాపం, మర్యాదగానే అన్నాడు. ఒళ్ళు మండిపోయింది నాకు. మనుషులకు ఇళ్ళు దొరకవు, సీరియల్లో అత్తాకోడళ్ళు కొట్టుకోవడానికి మాత్రం పెంకుటిళ్ళు దొరుకుతాయి.

ఫోన్లు మాట్లాడే పని నాది. నా గొంతే మా పెట్టుబడి. పుట్టి పెరిగింది రహమత్ నగర్‌లోనే అయినా మైకు ముందు నేను అచ్చంగా కోనసీమ కోడల్ని. ఇంట్లో "ఏంది", ఫోన్లో "ఏంటండీ". ఓనర్లలో సగం మంది కోస్తావాళ్ళే కనక ఆ గొంతుతోనే మాట్లాడేదాన్ని. మా ఆయన పక్కన కూర్చుని ముసిముసి నవ్వులు నవ్వేవాడు. అంత చేసినా ఏం లాభం? ఒకాయన "నా నంబర్ మీకెవరిచ్చారు, ముందు అది చెప్పండి" అని పోలీసులా నిలదీశాడు. ఒకావిడ అంతా శ్రద్ధగా విని, "సినిమావాళ్ళకు ఇవ్వమమ్మా" అంది. అమ్మా తల్లీ, ఈ పేటకు పేరే ఫిలింనగర్ కదా, ఇంకెవరికిస్తావు అని అడగాలనిపించింది. "సరేనండీ, ఉంటానండీ" అని పెట్టేశాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది.

అసలు ఇల్లు కనిపెట్టింది అత్తమ్మే.

"గా సపోటా చెట్టు ఇల్లున్నది సూడు, మన ఎనక గల్లీల. గా ఇంట్ల శివరాత్రి సంది మిక్సీ సప్పుడు లేదు, టీవీ సప్పుడు లేదు. వాకిలి ఊడ్చే సప్పుడు కూడ లేదు. తాళమేసిండ్రేమో జర పోయి సూసి రా."

వెళ్ళి చూస్తే నిజంగానే తాళం. చిన్న డాబా ఇల్లు. గేటు తీస్తే రెండడుగుల్లో వరండా. గేటు బయటే అత్తమ్మ రోజూ నడిచే దారి. ఇంతకన్నా ఏం కావాలి? దాని పక్కింటి శకుంతలమ్మ దగ్గర ఓనరు నంబరుంది, కానీ దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదా. అత్తమ్మ రోజూ వెళ్ళి ఆమె మోకాళ్ళ నొప్పుల కథ పూర్తిగా విని, కొత్త మామిడికాయ తొక్కు సీసా చేతిలో పెట్టి, నంబరు పట్టుకొచ్చింది.

ఓనరు పేరు వీరరాఘవయ్య. పాత రోజుల్లో ఎడిటింగ్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసేవాడట. ఫోన్ ఎత్తింది ఆయన భార్య శారదాదేవి.

"మీ గొంతు ఎక్కడో విన్నట్టుందేంటమ్మా?" అంది రెండో మాటకే. సీరియల్ పేరు చెప్పాను. "అయ్యో, చిన్నకోడలా! నిన్న ఎంత ఏడిపించేశావమ్మా!" అని మురిసిపోయింది. ఆవిడ మనసు మెత్తబడిందని తెలిసి నా గుండె గంతులేసింది.

ఆయనకు మొన్ననే గుండె ఆపరేషన్ అయింది, ఇంకా హాస్పిటల్లోనే ఉన్నాడట. హాస్పిటల్‌కు దగ్గరని వెంగళరావు నగర్‌లో ఆమె తమ్ముడింట్లో ఉంటున్నారు. "మళ్ళీ అక్కడికొచ్చి ఇద్దరమే ఉండే ధైర్యం నాకు లేదమ్మా. ఎవరికన్నా ఇచ్చేద్దామనే ఉంది. బోర్డు పెడితే ఎవరెవరో వస్తారని భయపడి ఊరుకున్నా. మీ అత్తగారి సంగతి విన్నాక మీకే ఇవ్వాలనిపిస్తోంది. గురువారం మావారిని ఇంటికి పంపేస్తామన్నారు. ఆ సాయంత్రం చెయ్యి తల్లీ, తాళాలు తీసుకొచ్చి చూపించే రోజు చెబుతాను."

ఆ నాలుగు రోజులూ మా ఇంట్లో పండగే. తిరుమలేశ్ కర్టెన్ల కోసం కొలతలు ఎలా తీసుకోవాలా అని ఆలోచించాడు. నేను మంచం ఎటు వెయ్యాలో కూడా అనేసుకున్నాను.

గురువారం సాయంత్రం ఫోన్ కలిపాను. రింగవుతుండగా అత్తమ్మ చెయ్యి చాపింది.

"ఇటియ్యి బిడ్డా, ముందుగాల నేను మాట్లాడుత. ఇల్లడిగేటోళ్ళం, మనిషి మంచీచెడ్డా అరుసుకోకుంటే ఎట్ల?"

ఇచ్చాను. అటు నుంచి "హలో" అని వినబడింది. అత్తమ్మ ఎంతో ఆప్యాయంగా అడిగింది:

"అమ్మా, నేను అనసూయమ్మను, సపోటా చెట్టు ఇల్లు అడిగినోళ్ళం. సారు పోయిండా, ఇంకా గాడనే ఉన్నడా?"

హాస్పిటల్ నుంచి ఇంటికి వెళ్ళాడా, ఇంకా అక్కడే ఉన్నాడా అని మా అత్తమ్మ భావం. మా వైపు పోయిండంటే వెళ్ళాడనే. కానీ వాళ్ళ వైపు, అందులోనూ హాస్పిటల్లో ఉన్న మనిషి గురించి, పోయాడా అంటే ఇంకేముంది? నేను ఫోన్ లాక్కునేలోగానే అటు వైపు ఒక చిన్న ఏడుపు వినబడి కాల్ కట్టయింది.

"ఏమాయె? లైన్ కట్టయిందా?" అంది అత్తమ్మ అమాయకంగా.

నేను నెత్తి మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. తిరిగి చేస్తే ఎత్తలేదు. కాసేపటికి ఆ నంబరు నుంచే ఫోన్ వచ్చింది. మగ గొంతు. శారదాదేవి తమ్ముడు, బాబీ అట. పేరు బాబీయే గానీ మనిషి యాభై దాటినవాడే.

"ఎవరండీ మీరు? మా బావని ఇప్పుడే మళ్ళీ ఐసీయూలోకి తీసుకెళ్ళారు. మా అక్క ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. పోయాడా, ఇంకా ఉన్నాడా అని అడుగుతారా? ఇంటి కోసం మనిషి ఎప్పుడు పోతాడా అని కాచుక్కూర్చున్నారా?"

"కాదండీ, మా అత్తగారు వెళ్ళారా అని..."

"ఇంకోసారి ఈ నంబరుకి చేశారంటే మర్యాదగా ఉండదు" అన్నాడు, పెట్టేశాడు.

జీవితమంతా ఇతరుల నోటికి మాటలు అతికించే పని చేస్తూ మా ఇంట్లో ఒక్క మాటను ఆపలేకపోయాను. ఎవరి మీద కోపం తెచ్చుకోను? అత్తమ్మ మీదా? ఆమె మనిషి బాగోగులు అడిగింది. నేను అన్ని ఇళ్ళు అడిగాను గానీ ఏ ఓనరు ఆరోగ్యమూ అడగలేదు. బాబీ మీదా? అతని స్థానంలో నేనున్నా అంతకన్నా ఎక్కువే తిట్టేదాన్ని. ఆ కోపాన్నంతా చివరికి వంటింట్లో గిన్నెల మీద తీర్చుకున్నాను. తిరుమలేశ్ నిదానంగా అత్తమ్మకు విషయం విడమరిచి చెప్పాడు.  ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు.

తర్వాత రోజులు నానా తిప్పలు. మా ఓనరు రోజూ గుర్తు చెయ్యడం మొదలుపెట్టాడు, ఈసారి స్వీట్లు లేకుండా. నర్సింహ షేక్‌పేటలో ఒక ఫ్లాటు చూపించి, "గిదైనా పట్టుకోండ్రి అక్కా, రేపటికి గిది కూడ ఉండదు" అన్నాడు. ఐదో అంతస్తు. ఇంకో వారం ఆగమని బతిమాలాను. వీరరాఘవయ్యగారు ఐసీయూ నుంచి బయటపడి బావమరిది ఇంటికి చేరాడని శకుంతలమ్మ చెప్పిన రోజున అత్తమ్మ మంచి చీర కట్టుకుని వాకిట్లో నిలబడింది.

"నన్ను గాడికి తీస్కపో. మాట జారింది నేను. నేనే పోయి చెప్పుకుంట."

వెంగళరావు నగర్ ఇంటి తలుపు బాబీయే తీశాడు. మేమెవరమో చెప్పగానే మొహం గంటు పెట్టుకున్నాడు. ఈలోగా లోపల్నుంచి శారదాదేవి వచ్చింది. అత్తమ్మ ఆ అడుగుల చప్పుడు వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది.

"నీ పెనిమిటి సల్లగుండాలె అక్కా. నేను అడిగింది ఇంటికి పోయిండా అని. పాడు నోరు, సగం మాటే అన్నది."

"నాకు తెలీదా వదినా ఆ మాట?" అంది శారదాదేవి ఆమె చేతులు పట్టుకుని. "ఎన్నేళ్ళుగా ఉంటున్నాను ఈ ఊళ్ళో! కానీ అప్పుడే ఆయన్ని లోపలికి తోసుకుపోయారు. మీరు ఇంకేమన్నా నా చెవికి అదే వినబడేది. రండి, లోపలికి రండి."

వీరరాఘవయ్యగారు దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. మమ్మల్ని చూసి సన్నని గొంతుతో, "పోలేదండీ అనసూయమ్మగారూ, ఇంకా గాడనే ఉన్నా" అన్నాడు. అందరం ఒక్కసారిగా నవ్వాం. బాబీ కూడా నవ్వాడు, గోడ వైపు తిరిగి.

కాఫీలు వచ్చాయి. అడగకముందే శారదాదేవి బీరువా తెరిచి తాళం చెవుల గుత్తి తెచ్చి టీపాయ్ అద్దం మీద పెట్టింది. "రేపే వెళ్ళి చూసుకోండమ్మా. నచ్చితే మంచి రోజు చూసి దిగండి." ఆ గుత్తిని చూస్తుంటే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక తీసుకుని లేవడమే.

అప్పుడు వీరరాఘవయ్యగారు అడిగాడు: "ఆ పాత కొంప మీకెందుకు నచ్చిందండీ?"

ఊరకే అడిగాడు. మా అత్తమ్మ ఊరకే చెప్పదు కదా.

"నచ్చకపోవుడేంది సారూ! పొద్దుగాల గేటు తీస్తే మూల మీది బేకరీల రొట్టె కాలే వాసనొస్తది. ఆ వాసన ఎడమకు పెట్టుకొని నడిస్తే గుడి. ఇస్త్రీ ఆయన రేడియో ఇంక గదే పాతది, పాట కంటె గురగుర ఎక్కువ. మధ్యాహ్నం మీ గోడ నీడ గల్లీల వడ్తది, నేను గాడ జరసేపు నిలవడి సల్లవడ్డంక పోత."

"ఆ బేకరీ ఇంకా ఉందా?" అన్నాడాయన.

"ఎందుకుండది? ఇప్పుడు దిల్‌పసంద్ కూడ చేస్తుండ్రు."

"సపోటా కాసిందా ఈ ఏడు?"

నేను అత్తమ్మ మోచెయ్యి గిల్లాను. ఊహూఁ.

"విరగ కాసింది సారూ. తెంపేటోళ్ళు లేక రాలిపోతున్నయ్. రాత్రంత గబ్బిలాలు తిని కిందేస్తున్నయ్. గేటు ముంగట నడిస్తే కాలికింద మెత్తగ తగులుతయ్. పాపం, ఎవరు పెట్టిన చెట్టో అనుకుంట."

"నేనే పెట్టాను" అన్నాడాయన. కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి తడిగా ఉన్నాయి. "శారదా, ఇంటికెళ్దాం."

"ఇదే కదండీ ఇల్లు" అంది శారదాదేవి.

"మనింటికి."

"బావా, డాక్టరు ఏం చెప్పాడు? అక్కడ మిమ్మల్నెవరు చూస్తారు?" అన్నాడు బాబీ.

"ఇక్కడ సీలింగు చూస్తూ పడుండలేనురా. మనింటికెళ్దాం శారదా."

 శారదాదేవి టీపాయ్ మీది తాళాల వంక చూసింది, నా వంక చూసింది, మళ్ళీ తల దించుకుంది. నాకైతే లేచి ఆ గుత్తి పట్టుకుని పరిగెత్తాలనిపించింది. నిజంగా అనిపించింది. అత్తమ్మ చెయ్యి చాపి టీపాయ్ తడిమింది. ఇందాక గుత్తి పెట్టిన చప్పుడు విన్నది కదా, చెయ్యి సూటిగా దాని మీదే పడింది. దాన్ని శారదాదేవి వైపు జరిపింది.

"తీస్కపో అక్కా సారును. ఎవలిల్లు వాళ్ళకే" అని లేచి, కర్ర కోసం వెతుక్కుంది.

ఆటో ఎక్కగానే నేను పేలిపోయాను. మైకు ముందు మాటలు కాదు, మా అమ్మ మాటలు.

"నోరు మూసుకొని కూసోవచ్చు గద అత్తమ్మా! తాళాలు ముంగటికి వచ్చినయ్! బేకరీ, రేడియో, గబ్బిలాలు! ఎవలడిగిండ్రు నిన్ను గవన్నీ?"

"సారు అడిగిండు బిడ్డా."

"అడిగితే అన్నీ చెప్తవా?"

"మరి అబద్ధం చెప్పాల్నా? సపోటా కాయలేదని చెప్పాల్నా?"

"చెప్తే ఏంబోయింది!" అని అరిచాను. ఆటో అతను అద్దంలో చూశాడు. చూస్తే చూడనీ.

ఆటో కృష్ణకాంత్ పార్క్ దాటింది. అత్తమ్మ మెల్లగా అంది: "నాకు దుఃఖం లేదనుకుంటున్నవా? నీ కంటె ఎక్కువ ఏడుపొస్తున్నది. గని గా మనిషి ఏడుస్తుంటే ఆ ఇంట్ల నాకు నిద్ర ఎట్ల వడ్తది?" కొంగుతో మొహం తుడుచుకుని బయటికి తిరిగింది. నేను ఇటు తిరిగి ఏడ్చాను.

షేక్‌పేట ఫ్లాటుకే మారాం, తొలకరి పడుతుండగా. వీరరాఘవయ్యగారు తన ఇంటికి వచ్చేశాడని, వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడని శకుంతలమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆయనకు మంచే జరిగింది. సంతోషపడాలి. నాకు సంతోషం రాలేదు, ఏం చెయ్యను?

కొత్త ఫ్లాటులో మొదటి రోజు పొద్దున్నే నేను పాలు పొయ్యి మీద పెట్టి హాల్లోకి వచ్చేసరికి అత్తమ్మ తయారై ఉంది. తల దువ్వుకుంది, చెప్పులు వేసుకుంది, కర్ర పట్టుకుంది. గది మధ్యలో నిలబడి చెవి అటూ ఇటూ తిప్పుతోంది. ఏ వాసనా లేదు, ఏ చప్పుడూ లేదు. పైవాళ్ళ మోటారు మాత్రం ఎక్కడో గుయ్ మంటోంది.

"బిడ్డా, గీడ బయటికి ఎటు?" అని అడిగింది.

నేను ఆమె చెయ్యి పట్టుకుని తలుపు తీశాను. తలుపు బయట పొడుగాటి కారిడార్. కారిడార్ చివర లిఫ్టు. లిఫ్టు దిగితే కార్ల పార్కింగు. అది దాటితే గేటు, గేటు దాటితే ఫ్లైఓవర్ కింద నాలుగు వైపుల నుంచీ వచ్చే బండ్లు. ఎటని చూపించను? కాసేపు ఇద్దరం గడప దగ్గరే నిలబడ్డాం. తర్వాత ఆమె చెప్పులు విడిచి, వాటిని చేత్తో తడిమి గోడ పక్కకు జరిపి, లోపలికి వెళ్ళిపోయింది.